మనవల్ని సాకే పెద్దలకు పింఛను క్రెడిట్

తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళ్తే పసిపిల్లల్ని ఇంట్లో చూసుకునే అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యల కాలాన్ని ఉద్యోగకాలంగా భావించి పింఛను లెక్కలో కలిపే ఏర్పాటును పింఛను క్రెడిట్ అంటారు. దీన్ని చట్టబద్ధంగా అమలు చేస్తున్న దేశాల్లో ముందుగా చెప్పుకోవలసింది బ్రిటన్. భారతదేశంలో కేంద్ర పథకాల్లోగానీ, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పథకాల్లోగానీ ఇలాంటి క్రెడిట్ లేదు. అయినా ఈ విషయం తెలుగు కుటుంబాలకు దూరపుది కాదు. పురుడు మొదలుకొని బడి వయసు దాకా పిల్లల్ని పెంచే భారంలో పెద్ద వాటా మన ఇళ్లలో పెద్దవాళ్లదే. ఆ వాటా ఏ పుస్తకంలోనూ జమ కాదు. సికింద్రాబాద్‌కు ఈశాన్యాన, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న నేరేడ్‌మెట్ పరిసరాలను దృష్టిలో పెట్టుకుంటే ఈ విషయం అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది.

నేరేడ్‌మెట్‌లో పింఛన్ల తీరు

పాత నేరేడ్‌మెట్ ఊరి చుట్టూ వినాయకనగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, వాయుపురి, సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ పెరిగాయి. కంటోన్మెంట్ పక్కనే ఉండడం వల్ల పదవీ విరమణ చేసిన సైనికోద్యోగులు తరతరాలుగా ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ సైనిక్‌పురిలోనే ఉంది. కాస్త అవతల ఈసీఐఎల్, మౌలాలి రైల్వే, చర్లపల్లి పరిశ్రమలు ఉన్నాయి. వాటిలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారూ ఈ కాలనీల్లోనే ఉంటారు. అందువల్ల ఒకే వీధిలో మూడు రకాల వృద్ధులు కనిపిస్తారు. సైన్యం నుంచో, కేంద్ర ప్రభుత్వం నుంచో పూర్తి పింఛను వచ్చేవారు ఒక రకం. ప్రైవేటు ఫ్యాక్టరీలో పని చేసి పీఎఫ్ పింఛనుగా వెయ్యో రెండు వేలో అందుకునేవారు రెండో రకం. రాష్ట్ర ప్రభుత్వపు ఆసరా పింఛను ఉన్నవారు, అదీ లేనివారు మూడో రకం. ముగ్గురూ పొద్దున చేసే పని మాత్రం ఒకటే.

ఎనిమిది కాకముందే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్కూలు బస్సు కోసం నానమ్మ నిలబడి ఉంటుంది. ఒక భుజాన మనవడి బ్యాగు, ఇంకో చేతిలో వాడి చెయ్యి. బస్సు కదిలాక పైకి వచ్చి, ఇంట్లో ఉన్న చిన్నదానికి రాగిజావ కాచి పట్టాలి, నూనె రాసి నీళ్లు పోయాలి, నిద్రపుచ్చాలి. అది లేచేసరికి మెత్తగా పిసికిన పప్పన్నం సిద్ధంగా ఉండాలి. మధ్యాహ్నం బస్సు తిరిగొచ్చే వేళకు మళ్లీ గేటు దగ్గరికి. కొడుకూ కోడలూ హైటెక్ సిటీ నుంచి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అప్పటిదాకా హోంవర్కు, స్నానం, అన్నం అన్నీ పెద్దావిడ మీదే. సైనిక్‌పురి ఇళ్లలో పాచి పనికి వెళ్లే కోడలి పిల్లల్ని చూసుకునే అత్తకూ ఇదే దినచర్య. తేడా అంతా ఇంటి వైశాల్యంలోనూ, సాయానికి ఇంకొకరు ఉన్నారా లేరా అన్నదానిలోనూ ఉంటుంది.

ఈ పని ఇంతగా పెద్దవాళ్ల మీద పడడానికి కారణాలు స్పష్టమే. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో జీతంతో కూడిన సెలవు 26 వారాలైంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ సదుపాయం కల్పించాలని అదే సవరణ చెప్పింది. కానీ సెలవు ముగిసే నాటికి బిడ్డకు ఆరు నెలలే. ఆఫీసు ఉన్నచోట క్రెష్ ఉన్నా, గంటన్నర ప్రయాణంలో పాలు తాగే బిడ్డను తీసుకెళ్లే ధైర్యం ఎందరికి ఉంటుంది? అంగన్‌వాడీ కేంద్రం మూడేళ్లు నిండిన పిల్లలకు కొన్ని గంటలు పనికొస్తుంది, రోజంతా కాదు. ప్రైవేటు డే కేర్ ఖర్చు మధ్యతరగతికే భారం. అందుకే 26వ వారం దగ్గర పడుతుండగా ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ వెళ్తుంది.

బ్రిటన్ పద్ధతి

బ్రిటన్‌లో ప్రభుత్వ పింఛను నేషనల్ ఇన్సూరెన్స్ చందాల మీద నడుస్తుంది. 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త పద్ధతిలో పూర్తి పింఛను రావాలంటే సాధారణంగా 35 అర్హత సంవత్సరాలు ఉండాలి. కనీసం పదేళ్లు లేకపోతే ఏమీ రాదు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన తల్లి నష్టపోకుండా, పన్నెండేళ్ల లోపు బిడ్డ పేరిట చైల్డ్ బెనిఫిట్ అనే ప్రభుత్వ భృతి తీసుకునే వ్యక్తికి ఏటా ఉచితంగా ఒక క్రెడిట్ జమ చేస్తారు. 1978 నుంచి 2010 వరకు ఇదే ఉద్దేశంతో హోమ్ రెస్పాన్సిబిలిటీస్ ప్రొటెక్షన్ అనే మరో ఏర్పాటు ఉండేది.

తల్లి మళ్లీ ఉద్యోగంలో చేరితే ఏమవుతుంది? ఆమె జీతం నుంచి చందా కడుతుంది కాబట్టి ఆ సంవత్సరం ఎలాగూ ఆమె ఖాతాలో పడుతుంది. చైల్డ్ బెనిఫిట్‌తో వచ్చిన క్రెడిట్ ఆమెకు అక్కర లేకుండా మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని, ఆమె బిడ్డను చూసుకున్న బంధువుకు బదిలీ చేయవచ్చునని 2011 ఏప్రిల్ 6 నుంచి అనుమతించారు. దాని పేరు స్పెసిఫైడ్ అడల్ట్ చైల్డ్‌కేర్ క్రెడిట్. పేరు పొడుగే అయినా లోపలి ఆలోచన సులువైనది. కూతురు ఉద్యోగం చేయగలిగింది తల్లి ఇంట్లో ఉండబట్టే కనుక, కూతురికి అక్కర్లేని సంవత్సరం తల్లికి చెందాలి. సంక్షేమ విధానాల్లో ఇంత న్యాయమైన, ఇంత తక్కువ ఖర్చుతో నడిచే ఏర్పాటు అరుదు.

అర్హతలు ఇవి. చూసుకునే వ్యక్తికి పదహారేళ్లు నిండి ఉండాలి, ప్రభుత్వ పింఛను వయసు రాకూడదు. ఆ వయసు 66 ఏళ్లుగా ఉండగా, 2026–2028 మధ్య అంచెలంచెలుగా 67కు పెరుగుతోంది. అమ్మమ్మ, నానమ్మ, తాతలతో పాటు మేనత్త, పిన్ని, మేనమామ, పెద్ద అన్నా అక్కా కూడా అర్హులే. బిడ్డకు పన్నెండేళ్లు నిండి ఉండకూడదు. వారానికి ఇన్ని గంటలు చూడాలన్న నిబంధన లేదు. దరఖాస్తు మీద చూసుకున్నవారు, తల్లి లేదా తండ్రి ఇద్దరూ సంతకం చేయాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 5న ముగిశాక, తల్లి చందా లెక్క తేలేదాకా ఆగి, ఆ ఏడాది అక్టోబరు 31 తరువాత పంపాలి. పాత సంవత్సరాలకూ 2011 దాకా వెనక్కి వెళ్లి అడగవచ్చు. కరోనా కాలంలో ఇళ్ల మధ్య రాకపోకలు ఆగినప్పుడు, ఫోన్‌లోనో వీడియోలోనో పిల్లల్ని కనిపెట్టి ఉన్నదాన్ని కూడా సంరక్షణగానే లెక్కించారు.

దీని విలువ చిన్నది కాదు. 2025–26లో పూర్తి పింఛను వారానికి 230.25 పౌండ్లు. అందులో ముప్పై అయిదో వంతు, అంటే వారానికి ఆరున్నర పౌండ్ల పైచిలుకు, ఏడాదికి సుమారు 340 పౌండ్లు ఒక్క క్రెడిట్ వల్ల పెరుగుతాయి. అదీ బతికున్నంత కాలం. అయిదేళ్లు మనవణ్ని చూసుకున్న ఆవిడకు ఆ మేరకు అయిదు రెట్లు. కనీసం పదేళ్ల గడపకు ఒకటి రెండేళ్లు తక్కువైన గృహిణికయితే ఈ క్రెడిట్ పింఛను వచ్చేదీ రానిదీ తేల్చేస్తుంది.

ఒక చిక్కు ఉంది. ఒక చైల్డ్ బెనిఫిట్ దరఖాస్తుకు ఒకే క్రెడిట్. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, పెద్దవాణ్ని నానమ్మ, చిన్నదాన్ని అమ్మమ్మ చూసుకున్నా వియ్యపురాళ్లిద్దరికీ రాదు. ఎవరికి ఇవ్వాలో ఆ తల్లిదండ్రులే తేల్చుకోవాలి. ఇలాంటి చోట ఎవరి చందా లెక్కలో ఎన్నేళ్లు తక్కువున్నాయో ముందు చూడడం మంచిది. ఇప్పటికే 35 అర్హత సంవత్సరాలు ఉన్నవారికి ఇస్తే ఆ క్రెడిట్ సాధారణంగా వృథా.

నేరేడ్‌మెట్ నుంచి వెళ్లిన అమ్మమ్మ సంగతి

లండన్‌లోనో, లెస్టర్‌లోనో ఉన్న కూతురి పురిటికి వెళ్లి, బిడ్డను ఆరు నెలలు చూసుకుని తిరిగొచ్చే తెలుగు తల్లికి ఈ క్రెడిట్ వర్తించదు. చూసుకునే వ్యక్తి మామూలుగా బ్రిటన్‌లో నివసించేవారై ఉండాలని నిబంధన. సందర్శక వీసా రెండేళ్లదైనా పదేళ్లదైనా, ఒక విడతకు సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండనివ్వరు. అందుకే తెలుగు ఇళ్లలో మొదటి ఆరు నెలలు అమ్మమ్మ, తరువాతి ఆరు నెలలు నానమ్మ అన్న వంతులు వచ్చాయి. అమెరికాలోనూ ఇదే తీరు. వృద్ధ తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకునే దారిని బ్రిటన్ 2012 జూలైలో ఎంతగా బిగించిందంటే, కాళ్లూ చేతులూ ఆడే అమ్మమ్మ ఆ దారిన వెళ్లడం దాదాపు అసాధ్యం.

రెండో అడ్డంకి కూతురి వైపు ఉంది. వర్క్ వీసా మీద ఉన్నవారికి ప్రభుత్వ సహాయాలు తీసుకునే హక్కు సాధారణంగా ఉండదు. చైల్డ్ బెనిఫిట్ ఆ సహాయాల జాబితాలోనే ఉంది. చైల్డ్ బెనిఫిట్ దరఖాస్తు లేకపోతే బదిలీ చేయడానికి క్రెడిటే పుట్టదు. శాశ్వత నివాసం వచ్చేదాకా ఆ ఇంటికి ఈ తలుపు మూసే ఉంటుంది.

మరి వర్తించేది ఎవరికి? అక్కడే స్థిరపడిన పాత తరానికి. జాతీయ ఆరోగ్య సేవలో చేరడానికి ఆంధ్ర వైద్యకళాశాలల నుంచి వెళ్లిన డాక్టర్ల భార్యల్లో గృహిణిగా ఉండిపోయినవారికి, నడివయసులో వెళ్లి కొద్ది ఏళ్లే చందా కట్టినవారికి ఇది నిజంగా అక్కరకొచ్చే సంగతి. వారి పిల్లలు బాగా సంపాదిస్తున్నవారైతే ఇంకో మెలిక ఉంది. 2013 జనవరి నుంచి ఎక్కువ ఆదాయం ఉన్న ఇంట్లో చైల్డ్ బెనిఫిట్‌ను పన్ను రూపంలో వెనక్కి తీసుకుంటున్నారు. ఆ ఆదాయ పరిమితి మొదట 50 వేల పౌండ్లు, 2024 ఏప్రిల్ నుంచి 60 వేలు. ఎలాగూ తిరిగి కట్టాల్సిందే కదా అని చాలామంది అసలు దరఖాస్తే పెట్టరు. దాంతో అమ్మమ్మ క్రెడిట్ కూడా పోతుంది. సొమ్ము వద్దని చెప్పి పేరు మాత్రం నమోదు చేసుకునే వీలు ఆ ఫారంలోనే ఉంది. బ్రిటన్‌లో బిడ్డ పుట్టిన తెలుగు దంపతులు, అర్హత ఉన్న పక్షంలో, ముందుగా చేయవలసిన పని ఇదే.

అలా కూడబెట్టిన పింఛనుతో వృద్ధాప్యంలో నేరేడ్‌మెట్‌కు తిరిగొద్దామనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో పింఛను ఏటేటా పెరుగుతుంది. అమెరికాలో, ఐరోపా దేశాల్లో ఉండేవారికీ పెంచుతారు. భారతదేశంలో ఉండేవారికి మాత్రం పింఛను మొదలైననాటి రేటు, లేదా బ్రిటన్ విడిచిననాటి రేటు దగ్గరే ఆగిపోతుంది. కెనడా, ఆస్ట్రేలియాలకు వెళ్లినవారిదీ ఇదే గతి. కట్టిన చందా ఒకటే అయినప్పుడు ఉండే ఊరిని బట్టి పింఛను గడ్డకట్టడం అన్యాయమని ఆ వృద్ధులు ఏళ్లుగా పోరాడుతున్నారు.

మిగతా దేశాలు

జర్మనీ 1992 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ మూడేళ్ల పింఛను కాలాన్ని పెంచిన తల్లికో తండ్రికో కలుపుతుంది. హంగరీ 2020 జనవరి నుంచి, ఇంకా పదవీ విరమణ చేయని అవ్వాతాతలు మనవల కోసం ఇంట్లో ఉంటే భృతి ఇస్తోంది. స్వీడన్‌లో 2024 జూలై 1 నుంచి తల్లీ తండ్రీ తమ జీతపు సెలవులో ఒక్కొక్కరు 45 రోజుల దాకా తాతకో అవ్వకో మళ్లించవచ్చు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2023 సెప్టెంబరు నుంచి, రెండు నుంచి మూడేళ్ల మధ్య వయసున్న మనవల్ని నెలకు 40 గంటలు చూసుకునే పెద్దలకు మూడు లక్షల వాన్ ఇస్తున్నారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న అమెరికాలో మాత్రం సోషల్ సెక్యూరిటీకి సుమారు పదేళ్ల సంపాదన తప్పనిసరి. పిల్లల సంరక్షణకు అక్కడ క్రెడిట్ లేదు.

మన పింఛన్లలో ఈ కాలం ఎక్కడ

సూత్రంగా చూస్తే ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. ఆరో వేతన సంఘం తరువాత, 2008లో వచ్చిందిది. ఆ రెండేళ్లూ పింఛను సర్వీసులో కలుస్తాయి. అంటే బిడ్డతో ఇంట్లో గడిపిన కాలం కూడా కొలువే అని భారత ప్రభుత్వం తన ఉద్యోగుల వరకు ఒప్పుకుంది. ఆ గీత దాటి బయట ఉన్న తల్లికి, ఆమె వెనక ఉన్న అమ్మమ్మకు అది చేరలేదు.

పీఎఫ్‌తో వచ్చే ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. ఇక్కడా కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఇరవై ఏళ్లు పూర్తి చేసినవారికి రెండేళ్లు అదనంగా కలుపుతారు. కాబట్టి, చేయని సర్వీసును చేసినట్టుగా కలపడం ఈ పథకానికి తెలియని పని కాదు. అయితే తొమ్మిదేళ్లు పని చేసి మనవరాలి కోసం మానేసిన చర్లపల్లి కార్మికురాలికి ఆ పదో ఏడు ఎవరూ కలపరు. మళ్లీ ఉద్యోగంలో చేరకపోతే డబ్బు వెనక్కి తీసుకోవడం ఒక్కటే ఆమెకు మిగిలిన దారి. పింఛను వచ్చినవారి పరిస్థితీ గొప్పగా లేదు. 2014 సెప్టెంబరు నుంచి కనీస మొత్తం వెయ్యి రూపాయలే. దాన్ని మూడు వేలు చేయాలని భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ 2013లోనే చెప్పింది.

ఇక కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. రాష్ట్రాలు దాని మీద తమ వాటా వేసి ఇస్తాయి. తెలంగాణ 2014 నవంబరులో ఆసరాను వెయ్యి రూపాయలతో మొదలుపెట్టి, 2019లో 2,016కు పెంచింది. ఆ తరువాత వయసును 57కు తగ్గించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నాలుగు వేలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఇవి చందాతో సంబంధం లేని పింఛన్లు. అవసరం ఉన్న ముసలివాళ్లకు ఆసరాగా నిలుస్తున్న మాట నిజం, వాటి విలువను తక్కువ చేయలేం.

అసలు బాధ అర్హత నిబంధనల్లో ఉంది. 2014 నవంబరు నాటి ఆసరా మార్గదర్శకాల ప్రకారం, పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండు లక్షలు దాటకూడదు. ఇంట్లో ఒకరికే వృద్ధాప్య పింఛను. ప్రభుత్వ, ప్రైవేటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో పిల్లలున్న ఇళ్లు అనర్హం. పిల్లలు డాక్టర్లో, వృత్తి నిపుణులో అయినా అంతే. ఈ నిబంధనను నేరేడ్‌మెట్‌లో ఒక ఇంటికి పెట్టి చూడండి. కోడలు సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో పన్నెండు గంటలు నిలబడగలుగుతోందంటే, అత్త పిల్లల్ని చూసుకోబట్టే. ఆ కోడలికి, కొడుక్కి ప్రైవేటు ఉద్యోగం ఉంది కనుక అత్తకు పింఛను లేదు. ఆమె శ్రమ వల్ల నిలిచిన ఉద్యోగమే ఆమె పింఛనుకు అడ్డు. బ్రిటన్‌లో కూతురి ఉద్యోగం తల్లికి ఒక ఏడాదిని తెచ్చిపెడుతుంటే, ఇక్కడ అదే ఉద్యోగం ఉన్న పింఛనును దూరం చేస్తోంది. క్రెడిట్ ఇవ్వడం తరువాతి మాట, ముందు ఈ నిబంధనను తీసేయాలి. మనవల్ని చూసుకునే పెద్దలకు ప్రభుత్వం చేయగలిగిన న్యాయం అదొక్కటే అని కాదు, కానీ అక్కడి నుంచి మొదలుపెట్టకపోతే మిగతావన్నీ మాటలే.

స్వయంగా చందా కట్టుకునే పథకాల తలుపులు వయసు దగ్గర మూసుకుంటాయి. 2015లో వచ్చిన అటల్ పింఛను యోజనలో, 2019లో వచ్చిన శ్రమ యోగి మాన్‌ధన్‌లో చేరే వయసు 18 నుంచి 40. మన దగ్గర చాలామంది స్త్రీలు అమ్మమ్మలయ్యేసరికి ఆ వయసు దాటిపోయి ఉంటుంది.

పింఛను ఉన్నవారికి కూడా మనవల పెంపకం వల్ల వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. సరిగ్గా అప్పుడు తాతగారు డల్లాస్‌లో మనవడి దగ్గర ఉంటారు. ఆ సర్టిఫికెట్‌ను డిజిటల్‌గా ఇచ్చేందుకు 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ మొదట్లో వేలిముద్ర పరికరం అడిగేది. 2021 నుంచి సెల్‌ఫోన్ కెమెరా ముందు ముఖం పెట్టి, కళ్లు ఆర్పితే చాలు. అది కుదరకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లోనో, బ్యాంకు అధికారి దగ్గరో ధ్రువీకరణ తీసుకోవచ్చు. పీఎఫ్ పింఛనువారికి నవంబరు నిర్బంధం లేదు. ఎప్పుడు ఇస్తే అప్పటి నుంచి ఏడాది చెల్లుతుంది. ప్రయాణానికి ముందే ఇచ్చి వెళ్లడం వారికి సులువు. ఊళ్లో పోస్టాఫీసులో ఆసరా తీసుకునే అవ్వ సంగతి కష్టం. మనవడి కోసం నేరేడ్‌మెట్ వచ్చి ఉన్నా, ఆ రెండు వేల కోసం బస్సెక్కి ఊరికి పోవలసిందే.

కోర్టులు, చట్టం

ఇంటి పనికి వెల కట్టడంలో మన కోర్టులు ప్రభుత్వాల కంటే ముందున్నాయి. 2021 జనవరి 5న కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి నష్టపరిహారం లెక్కించేటప్పుడు ఆమె శ్రమకు ఆదాయం కట్టాల్సిందేనని చెప్పింది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పులో తన అభిప్రాయాన్ని విడిగా రాశారు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే అంకెల్ని ఆయన ఉదహరించారు. ఇంటి పనిలో పాల్గొనే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంట్లోవారి సంరక్షణకు స్త్రీ 134 నిమిషాలు, పురుషుడు 76 నిమిషాలు. బతికి ఉండగా సున్నాగా లెక్కించిన పనికి చనిపోయాక పరిహారంలో విలువ కట్టడం ఒక అడుగే. కానీ ఆ విలువ మోటారు ప్రమాదాల లెక్కల వరకే ఆగిపోయింది.

పెద్దలకు చట్టంలో ఇప్పుడున్న ఆధారం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులే కాదు, అవ్వాతాతలు కూడా మేజర్లైన సంతానం మీద, మనవల మీద పోషణ భృతి అడగవచ్చు. నేరేడ్‌మెట్ వారు మల్కాజిగిరి రెవెన్యూ డివిజన్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. మూల చట్టం ప్రకారం భృతి నెలకు పది వేలకు మించదు. పెంచిన మనవడి మీదే ఫిర్యాదు రాయడానికి ఏ నానమ్మకు చెయ్యి వస్తుంది? అందుకే ఈ చట్టం పిల్లలు పూర్తిగా వదిలేసిన ఇళ్లకే పనికొస్తుంది. పెద్దావిడను కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నా, ఆమె చేతిలో సొంత డబ్బు లేని ఇళ్లకు దానితో పని లేదు. మన కాలనీల్లో ఎక్కువగా ఉన్నవి ఆ ఇళ్లే. మందుల చీటీకీ, గుడికి వెళ్లినప్పుడు హుండీలో వేయడానికీ, పుట్టింటి వాళ్లొస్తే చీర పెట్టడానికీ ఆవిడ కొడుకు ముఖం చూడకుండా ఉండాలంటే, ఆమె పేరిట నెలనెలా వచ్చే మొత్తం ఒకటి ఉండాలి.